అనపగింజల చారు

అనపగింజల్ని నానబెట్టి, తొక్క పితికేసి వండే పితికిపప్పు గురించి మా చిత్తూరు వాళ్లలో ఎవరిని కదిలించినా గంటసేపు చెప్తారు. సంక్రాంతికి దోసెల్లోకి చేశామని, దాని ముందు కోడికూర కూడా దిగదుడుపేనని. నేను కాదనను. కానీ పితికిపప్పు పండగ వంట. పని ఎక్కువ, మసాలా ఎక్కువ, కొబ్బరి గసగసాల ఖర్చు ఎక్కువ. పండక్కో, అల్లుడు వస్తేనో చేసేవాళ్లు. చలికాలం రెండు నెలలూ మా ఇంట్లో రోజూ సంగటి గొంతు దిగేలా చేసింది మాత్రం దాని పేద చుట్టం, అనపగింజల చారు. దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఎవరైనా వండుతున్నారో లేదో కూడా అనుమానమే.

కోస్తా వాళ్లు చదువుతుంటే ముందే చెప్పేస్తా. మీ ఆనపకాయ సొరకాయ. అది వేరు. మా అనప చిక్కుడుకు తోబుట్టువు. నిజానికి శాస్త్రం లెక్కలో రెండూ ఒకటే జాతి. చిక్కుడుకాయను పొట్టుతో సహా తుంచి వండుకుంటాం. అనపకాయ పొట్టు పీచు, నమల్లేం. ఒలిచి గింజలే వండుకోవాలి. పాలమూరు వైపు కాయల్ని ఉప్పేసి ఉడకబెట్టి, ఒలుచుకుంటూ తింటారని అక్కడి స్నేహితురాలు చెప్పింది. కన్నడ వాళ్లకు ఇదే అవరెకాయి.

మా ఊరు పలమనేరుకూ పుంగనూరుకూ మధ్య. మెట్ట నేల, వానదేవుడి దయ. జూన్, జులై వానలకు చెనక్కాయలు, అంటే వేరుశనగ, విత్తేటప్పుడు నడుమ నడుమ ఒక సాలు అనప, ఒక సాలు కంది వేసేవాళ్లు. చెనక్కాయ పీకేదాకా అనప ఉన్నట్టే తెలిసేది కాదు. తీగ సాగుతూ ఆకులేసుకుంటూ ఉంటుంది అంతే. పాత రకాలకు పగటి పొద్దు తగ్గితేగానీ పూత రాదు. కార్తీకం దాటాక, చెనక్కాయ ఇంటికి చేరి చేను బోసిపోయాక, ఉన్న కాస్త తేమను పట్టుకుని అది పూతకొచ్చేది. తెల్లపూల తీగ కొన్ని, వంగపండు రంగువి కొన్ని. సంక్రాంతి నెల పట్టేసరికి గెలలు గెలలుగా కాయ.

మంచు బాగా కురిసిన ఏడు కాయకు వాసన ఎక్కువ అని మా వైపు గట్టి నమ్మకం. నమ్మకమే అని కొట్టిపారేయలేం, కాయ పైన నూనె లాంటి జిడ్డు ఒకటి ఊరుతుంది, వాసనంతా అందులోనే. పొద్దు పొడవకముందు చేలోకి వెళ్తే ఆకుల మీద మంచు, కాయల మీద జిడ్డు, లంగా అంచులు మోకాళ్లదాకా తడిసిపోయేవి. కోసిన చేతులు సబ్బుతో రుద్దినా రెండు రోజులు వాసన వదిలేవి కావు. వేళ్ల చివర్లు నల్లబడేవి. బడిలో పలక పట్టుకున్న చేతుల్ని చూసి అయ్యవారు, "ఈ పొద్దు ఎవరింట్లో అనపకాయలు?" అని అడిగితే సగం చేతులు లేచేవి.

మబ్బు పట్టి మంచు లేని సంవత్సరం మాత్రం పెద్దవాళ్ల మొహాలు మాడిపోయేవి. మబ్బుకు పేనుబంక పడుతుంది. పూతంతా జిగురెక్కి రాలిపోతుంది. మిగిలిన కాయల్లో పురుగు.

పురుగు సంగతి వచ్చింది కాబట్టి ఒలుపు గురించి చెప్పాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక అవ్వ తాటాకు చాప పరిచి కాయలు గుమ్మరించేది. వీధిలో ఎవరు కనబడితే వాళ్లు వచ్చి కూర్చునేవాళ్లు. పిలవడాలు లేవు. ఈ రోజు వాళ్లు మన కాయలు ఒలిస్తే రేపు మనం వాళ్లవి ఒలవాలి. కాయను వెన్ను మీద నొక్కితే టప్పున విచ్చుకునేది. లోపల నాలుగైదు గింజలు, ఆకుపచ్చగా, ఒక పక్క తెల్లటి ముక్కుతో. కొన్నిట్లో గింజ పక్కనే గింజ రంగులోనే లావుపాటి పురుగు మెత్తగా కదిలేది. నేను కేకేసి చాప మీది నుంచి లేచిపోయేదాన్ని.

"అది నిన్నేం చేస్తాది మే? అదీ మన మాదిరే గింజ తినేదానికి వచ్చుండాది" అని అవ్వ దాన్ని తీసి కోళ్ల వైపు విసిరేది. కోళ్లు మాత్రం మా చాప చుట్టూనే తిరుగుతుండేవి, ఏమీ ఎరగనట్టు.

ఊరి పంచాయితీలన్నీ ఆ చాప మీదే. ఎవరి కోడలు పుట్టింటికెళ్లి ఎందుకు రాలేదో, పాలకేంద్రంలో వెన్న శాతం ఎవరికి తక్కువ వేస్తున్నారో, అన్నీ అక్కడే తేలేవి. పిల్లలం చెవులు అటు పెట్టి చేతులు ఇటు పెట్టేవాళ్లం. బాగా ముదిరిన మాట వస్తే అమ్మ, "అమ్మణ్ణీ, ఆ పొట్టంతా తీసకపోయి ఆవుకెయ్యి పో" అనేది. నేను తిరిగొచ్చేసరికి మాట మారిపోయి ఉండేది. అనపకాయల వల్ల నాకు మిగిలిన పెద్ద అసంతృప్తి అదే, ఎన్ని కథల కొసలు తెలియకుండా పోయాయో!

ఒలిచిన గింజల్లో లేతవి, ముదురువి వేరు చేసేవాళ్లు. బాగా బలిసిన గింజలు రాత్రికి నీళ్లలో వేసి పెడితే తెల్లారేసరికి తొక్క ఉబ్బుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్క నొక్కు నొక్కితే పప్పు జారి గిన్నెలో పడుతుంది, తొక్క వేళ్లలో మిగులుతుంది. అది పితికిపప్పు. గురి తప్పితే ఎదురుగా కూర్చున్నవాళ్ల మొహాన తగులుతుంది. మా అన్న గురి తప్పనే తప్పేవాడు కాదు, కావాలనే నా మొహానికే గురిపెట్టేవాడు.

లేత గింజలకు అంత చాకిరీ అక్కర్లేదు. వాటి తొక్క పలచన. అవే చారుకు వెళ్లేవి.

చారు కాచడం అవ్వ పని. అమ్మ కొట్టంలో పాలు పితికి వచ్చేలోపు ఆమె మట్టిసట్టిలో నీళ్లు పోసి కందికంపతో పొయ్యి రాజేసేది. నీళ్లు మరిగాక గింజలు, చిటికెడు పసుపు. చల్లటి నీళ్లలో గింజలు వేస్తే ఊరుకునేది కాదు. కాసేపటికి పైన నురగ తేలుతుంది. దాన్ని గరిటె అంచుతో తీసి పారేసేది. నురగ పోయాక నీళ్లు మెల్లగా లేతాకుపచ్చకు తిరుగుతాయి, ఇల్లంతా వాసన పట్టుకుంటుంది. ఆ వాసన ఎలా ఉంటుందని బెంగళూరులో ఒకావిడ అడిగితే చాలాసేపు ఆలోచించాను. కాచిన నెయ్యి వాసన కొంత ఉంటుంది, తడిసిన పచ్చిగడ్డి వాసన కొంత ఉంటుంది, రెండూ కాదు. చివరికి ఆమెనే చేలోకి తీసుకెళ్లాల్సి వచ్చింది.

గింజ వేళ్లతో నలిపితే నలగాలి, కానీ దానంతట అది విచ్చుకోకూడదు. ఆ పదునులో దించి నీళ్లు వంపేసేది. చారుకు కావలసింది ఆ నీళ్లే. గింజల్లో మూడొంతులు పక్కన పెట్టి తాళింపు చేసేది, ఉల్లిపాయ, ఎండుమిర్చి, కరివేపాకు వేసి, పైన కాస్త కొబ్బరి. ఒక పొయ్యితో అన్నంలోకి కూరా, సంగటిలోకి చారూ, రెండూ అయిపోయేవి. గ్యాస్ ఖర్చు గురించి ఇప్పుడు మనం పడే టెన్షన్ ఆమెకు కట్టెల గురించి ఉండేది మరి.

మిగిలిన పిడికెడు గింజలు రోటికి వెళ్లేవి. అంతకుముందే పొయ్యి నిప్పుల్లో ఒక ఎర్రగడ్డ (ఉల్లిపాయే) తొక్కతోనే దూర్చి పెట్టేది. పైతొక్క బొగ్గయ్యేదాకా కాలాలి. పక్కనే ఒక తెల్లగడ్డ, అదే వెల్లుల్లి. ఎండుమిర్చి, ధనియాలు, జీలకర్ర, నాలుగు మిరియాలు పెంకు మీద వేయించుకునేది. అన్నీ కలిపి రుబ్బితే వచ్చే ముద్ద వంపిన నీళ్లలో కలిపి మళ్లీ పొయ్యెక్కించడమే. పులుపు అప్పుడే పొయ్యాలి. ఒకసారి అమ్మ తొందరలో చింతపండు రసం గింజలతో పాటే పోసేస్తే, అవ్వ గరిటె కిందపెట్టి, "ఇంక తెల్లారేదాకా ఉడికించుకోండి. పులుపు తగిల్తే గింజ మొండికేస్తాది" అని బయటికెళ్లి కూర్చుంది. ఆ మాట నిజమే. పులుపు పడ్డాక పప్పయినా, గింజయినా మెత్తబడడానికి చాలాసేపు పడుతుంది. రసాయనశాస్త్రం చదివిన మా అన్న తర్వాత కారణం కూడా చెప్పాడు, కానీ అవ్వ చెప్పిన కారణమే నాకు గుర్తుండిపోయింది.

చింతపండు అన్నాను గానీ, మా ఇంట్లో సగం రోజులు టమోటానే. మదనపల్లె మార్కెట్టు పక్కనే కదా. దేశంలోనే పెద్ద టమోటా మార్కెట్లలో అదొకటి. ధర పలికితే గంపలన్నీ అక్కడికి. పడిపోతే రవాణా ఖర్చు కూడా రాదని రోడ్డు పక్కన పారబోసిన రోజులున్నాయి. అలాంటప్పుడు ఎవరింట చూసినా అన్నిట్లోనూ టమోటా. అనపగింజల చారుకు టమోటా బాగానే కుదురుతుంది, కాకపోతే ఆకుపచ్చ రంగు పోతుంది. అవ్వకు అది నచ్చేది కాదు. నాకైతే రెండూ ఇష్టమే.

చారు చిక్కదనం చూసి ఆ రోజు ఇంట్లో ఎందరున్నారో చెప్పేయవచ్చు. రుబ్బే గింజలు ఎంతో చారు అంత చిక్కన. కూలీలొచ్చిన రోజు నీళ్లు పెరిగేవి, పిడికెడు మాత్రం పిడికెడే. ఆదివారం మేమే ఉంటే రెండు పిడికిళ్లు. ఆ రోజు చారు సంగటి చుట్టూ పారకుండా నిలబడేది.

సంగటి గురించి తెలియని వాళ్లకు ఒక మాట. రాగిపిండి, బియ్యపు నూకలు కలిపి తెడ్డుతో గెలికి ముద్దలు చేస్తాం. కంచంలో ముద్ద పెట్టి, నడిమిని వేలితో గుంట చేసి, చారు పోసుకుని, చిన్న చిన్న తునకలు చారులో పొర్లించి మింగాలి. నమిలితే పళ్లకంటుకుంటుంది. బెంగళూరు ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి నమిలి నమిలి ఇబ్బందిపడుతుంటే, మింగమ్మా మింగు అని నేర్పించాను.

నాయన మాత్రం సంగటి కంటే ముందే లోటాలో చారు పోయించుకుని తాగేవాడు. చలికి దుప్పటి కప్పుకుని, పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని. "అమ్మా, ఇంకో గరిటె" అని రెండోసారి పోయించుకునేవాడు. అవ్వ అడుగున చేరిన చిక్కటిది పోసేది కాదు, పైన తేట వంచేది. అడుగుది పిల్లలకు. నాయనకు ఆ సంగతి తెలుసు, ఏనాడూ అడగలేదు. హోటళ్లలో భోజనానికి ముందు చిన్న గిన్నెల్లో సూప్ తెచ్చిపెడితే నాకు ఆ లోటానే గుర్తొస్తుంది. గిన్నెలో ఉండేది ఎక్కువగా మొక్కజొన్న పిండి జిగురు, అది వేరే విషయం.

చిన్నాయన బెంగళూరులో ఫ్యాక్టరీ పనికి వెళ్లాక ప్రతి చలికాలం ఒక గోతం కాయలు మోసుకెళ్లేవాడు. అక్కడ తన వీధిలో సగం మంది మన వైపు వాళ్లే, పలమనేరు, కుప్పం, వి.కోట నుంచి వెళ్లినవాళ్లు. గోతం బస్సు పైనే వెయ్యాలని కండక్టర్ గొడవ చేసేవాడట, లోపల పెడితే ముళబాగిలు దాటేదాకా అందరూ ఆకలి ఆకలి అంటారని. ఇది చిన్నాయన చెప్పిన మాట, ఎంతవరకు నమ్మాలో మీ ఇష్టం.

నేనూ చివరికి ఆ ఊరికే చేరాను. బెంగళూరు వాళ్లకు ఈ గింజంటే మనకంటే పిచ్చి. ఊరికి దగ్గర్లోని మాగడి నుంచి వచ్చే కాయకు పేరెక్కువ. వి.వి.పురంలో సజ్జనరావు సర్కిల్ దగ్గర ఏళ్ల తరబడి జనవరిలో అవరె మేళా జరిగేది. మొదటిసారి వెళ్లినప్పుడు కళ్లు తిరిగాయి. అనపగింజల దోసె, వడ, ఉప్మా, మిక్చరు సరే, జిలేబీ, జామూన్ కూడా! జామూన్ ఒకటి కొన్నాను, రెండోది కొనలేదు. అన్ని రకాల మధ్య మా చారు కోసం వెతికాను. లేదు. అమ్మకానికి పెట్టే రూపం దానికి లేదు కదా, పచ్చగా, పలచగా, ఏ అలంకారమూ లేకుండా ఉంటుంది.

ఇప్పుడైతే అనపకాయలకు చలికాలమే అక్కర్లేదు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు హెబ్బాళ అవరె పేరుతో హెచ్.ఎ.-3, హెచ్.ఎ.-4 లాంటి రకాలు తెచ్చారు. వీటికి పగటి పొద్దుతో పనిలేదు. ఏ కాలంలో విత్తినా పొట్టి మొక్కగా ఎదిగి తొందరగా కాపుకొస్తాయి. రైతుకు మేలే, కాదనడానికి నేనెవరిని? వేసవిలో మంచి ధర వస్తుంది. కానీ ఏప్రిల్‌లో కొన్న గింజలతో చారు కాస్తే రుచి ఉంటుంది, వాసన ఉండదు. వాసన లేని అనపగింజల చారు, బఠానీ చారు, రెండూ ఒకటే. నేను ఏప్రిల్‌లో చెయ్యడం మానేశాను.

అంతకంటే దారుణం ఒలిచి, పితికి, ప్యాకెట్లలో అమ్మేవి. గంటల తరబడి నీళ్లలో నానిన పప్పు అది. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు అదే దిక్కు, నేనూ పితికిపప్పుకు కొంటాను. చారుకు మాత్రం కాయలే కావాలి. రాత్రి టీవీ ముందు పేపర్ పరిచి కూర్చుంటే మా ఆయన ఒక చేయి వేస్తారు. అమ్మాయి ఫోన్ చూస్తూ రెండు కాయలు ఒలిచి, పురుగు కనబడగానే లేచిపోతుంది. ఆ విషయంలో దాన్ని ఏమీ అనలేను. ఇక్కడ విసిరేద్దామన్నా కోళ్లు లేవు, బాల్కనీలో తులసి కుండీలో వదిలేస్తాం.

కాయలు కొనేటప్పుడు చూడాల్సింది రంగు కాదు, జిడ్డు. చేతికి అంటుకోవాలి. పొడిగా, నున్నగా ఉంటే నీళ్లతో కడిగిందన్నమాట, లేకపోతే కోసి చాలా రోజులైందన్నమాట. వాసన చూస్తానంటే బండివాళ్లు ఏమీ అనుకోరు, అందరూ చూస్తారు. రెండు కిలోలు ఒలిస్తే సగానికి పైగా పొట్టే, కాబట్టి ధర చూసి గింజల లెక్క వేసుకోండి. కుక్కర్లో పెడితే ఒక్క కూత, అంతే. రెండో కూతకు పప్పయిపోతుంది, నీళ్లు మట్టి రంగుకు తిరుగుతాయి. నేను మూతలేని గిన్నెలోనే ఉడికిస్తాను, ఇరవై నిమిషాల లోపే అవుతాయి. రెండు గ్లాసుల గింజలకు ఆరు గ్లాసుల నీళ్లు, ఉసిరికాయంత చింతపండు. ఎర్రగడ్డను గ్యాస్ మంట మీద ఇనుప వల పెట్టి కాలుస్తాను. పొయ్యి నిప్పులంత కాదుగానీ పర్వాలేదు. తిరగబాతకు ఆవాలు, దంచిన తెల్లగడ్డ, కరివేపాకు, ఎండుమిర్చి. ఇంగువ వద్దు. ఈ వాసన ముందు ఇంకో వాసన దేనికి?

మసాలా దినుసులు కూడా వద్దంటాను నేను. చెక్క, లవంగం పితికిపప్పుకు. కొబ్బరి కూడా తాళింపుకే, చారులోకి రాకూడదు. ఇక్కడే మా వదినతో పేచీ. ఆమెది కోలారు వైపు పుట్టిల్లు. వాళ్లింట్లో కొబ్బరి రుబ్బి పొయ్యకుండా చారు కాయరు. కొబ్బరి లేని చారు పథ్యం కూడులా ఉంటుందంటుంది. కొబ్బరి పోస్తే గింజ నోరు నొక్కేసినట్టే అంటాను నేను. ప్రతి సంక్రాంతికీ ఊరికెళ్లినప్పుడు ఇదే గొడవ. అన్న ఏ పక్షమూ తీసుకోడు, ఇద్దరి చారూ తాగుతాడు.

పోయిన నెల ఫోన్లో, "ఈసారి నా చారు నువ్వు చెడగొట్టకు వదినా, నేనొచ్చి కాస్తాను" అన్నాను.

"రా అమ్మణ్ణీ, రా. పొయ్యిలు రెండుండాయి, సట్లు రెండుండాయి" అంది ఆమె. "ఒలిచేదానికి మాత్రం ముందు రోజే రావల్ల. పురుగును చూసి లేచిపోతే ఒప్పుకోను."